కణ అభిఘాతాల కంప్యూటర్ అనుకరణ: పద్ధతి, ఉపయోగం, పరిమితులు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
• కణ భౌతికశాస్త్రంలో అనుకరణ ఎందుకు అవసరమో చెప్పడం.
• మాంటీ కార్లో పద్ధతిని చిన్న ఉదాహరణలతో వివరించడం.
• ఒక అభిఘాతాన్ని సాఫ్ట్‌వేర్ ఏయే దశలలో అనుకరిస్తుందో వరుసగా రాయడం.
• అనుకరణ నుంచి దక్షతను లెక్కించడం.
• అనుకరణలోని లోపం కొత్త కణంలాగా ఎలా భ్రమింపజేయగలదో, దానిని ఎలా పసిగడతారో చర్చించడం.

1. ప్రస్తావన

జెనీవా నగరం దగ్గర, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దు ప్రాంతంలో, భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగం ఉన్నది. అందులో సెర్న్ సంస్థ నిర్మించిన త్వరణయంత్రాన్ని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అంటారు. దానిని ఇకపై ఎల్.హెచ్.సి. అందాం. ఇందులో ప్రోటాన్ల గుంపులు ఎదురెదురుగా వచ్చి సెకనుకు సుమారు 4 కోట్ల సార్లు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. ప్రతిసారీ కొన్ని ప్రోటాన్లు ఢీకొంటాయి. వెలువడిన కణాలను చుట్టూ అమర్చిన శోధకాలు, అంటే డిటెక్టర్లు, నమోదు చేస్తాయి.

2012 జులై 4న అట్లాస్, సి.ఎం.ఎస్. అనే రెండు ప్రయోగ బృందాలు ఒక కొత్త కణాన్ని కనుగొన్నట్లు ప్రకటించాయి. అదే హిగ్స్ బోసాన్. దాని జీవితకాలం సెకనులో 10⁻²² వంతు స్థాయిలో ఉంటుంది. అంత తక్కువ కాలంలో అది శోధకంలోని మొదటి పొరను కూడా చేరలేదు. చేరేవి దాని క్షయం వల్ల పుట్టిన ఫోటాన్లు, ఎలక్ట్రాన్లు, మ్యూయాన్లు వంటివి మాత్రమే. అవే కణాలు హిగ్స్‌తో సంబంధం లేని వేరే చర్యల నుంచి కూడా వస్తాయి. మరి హిగ్స్ పుట్టిందని ఎలా చెప్పారు?

హిగ్స్ ఉంటే శోధకంలో ఏమి కనిపించాలో, లేకపోతే ఏమి కనిపించాలో ముందుగా లెక్క వేసుకొని, నిజంగా కనిపించిన దానితో పోల్చి చెప్పారు. ఆ ముందు లెక్కను చాలావరకు వేసి ఇచ్చేది అనుకరణ సాఫ్ట్‌వేర్. అనుకరణనే సిమ్యులేషన్ అని కూడా అంటాం.

ఇక్కడ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "మనుషులు రాసిన ప్రోగ్రాం ఇచ్చే జవాబును ప్రకృతి గురించిన సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం?" ఇది న్యాయమైన ప్రశ్న. అనుకరణ ప్రయోగానికి ప్రత్యామ్నాయం కాదు. "ఈ సిద్ధాంతం నిజమైతే, మన పరికరంలో ఏమి కనిపించాలి?" అనే ఒకే ఒక ప్రశ్నకు అది జవాబు ఇస్తుంది. సిద్ధాంతం నిజమా కాదా అని తేల్చేది దత్తాంశమే. ఈ తేడాను ఈ పాఠమంతటా గుర్తుంచుకోండి.

2. సమీకరణం ఒక్కటే ఎందుకు చాలదు?

విసిరిన రాయి ఎక్కడ పడుతుందో మీరు ఒక సమీకరణంతో చెప్పగలరు. ప్రోటాన్ల అభిఘాతానికి ఆ వెసులుబాటు లేదు. దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, క్వాంటం సిద్ధాంతం సంభావ్యతలను మాత్రమే ఇస్తుంది. ఒకే రకమైన రెండు అభిఘాతాలలో ఫలితాలు వేరువేరుగా ఉండవచ్చు. పలానా ఫలితం ఎన్నిసార్లు రావచ్చో చెప్పగలం కాని, ఈసారి ఏది వస్తుందో చెప్పలేం.

రెండవది, ప్రోటాన్ ఒక బిందువు కాదు. అందులో క్వార్కులు, వాటిని బంధించే గ్లూవాన్లు ఉంటాయి. ఒక్క అభిఘాతం నుంచి వందల కణాలు వెలువడవచ్చు. ఒక్కొక్క కణానికి శక్తి, దిశ వంటి అనేక చరరాశులు ఉంటాయి. ఇన్ని చరరాశులలో సమాకలనం చేయడం కాగితం మీద సాధ్యం కాదు.

మూడవది, శోధకం సరళమైన ఆకృతి కాదు. ఉదాహరణకు సి.ఎం.ఎస్. శోధకం పొడవు సుమారు 21 మీటర్లు, బరువు సుమారు 14,000 టన్నులు. అందులో ఫోటాన్ల, ఎలక్ట్రాన్ల శక్తిని కొలవడానికే 75,000కు పైగా సీసం టంగ్‌స్టేట్ స్ఫటికాలు ఉన్నాయి. వీటి మధ్య సందులు, తీగలు, శీతలీకరణ గొట్టాలు ఉంటాయి. కణం వీటిలో దేనిని తాకినా దాని ప్రయాణం మారుతుంది.

3. మాంటీ కార్లో పద్ధతి

3.1 పుట్టుక

1946లో గణిత శాస్త్రవేత్త స్టానిస్లావ్ ఉలామ్ జబ్బుపడి కోలుకుంటూ, ఒంటరిగా ఆడే పేకాట ఆడేవాడు. పంచిన ముక్కలతో ఆట గెలిచే సంభావ్యత ఎంత అని లెక్కించబోయాడు. కలయికల లెక్క చాలా చిక్కుగా తేలింది. అంతకంటే ఓ వంద ఆటలు ఆడి, ఎన్ని గెలిచామో లెక్కపెట్టుకోవడం తేలిక కదా అని అతనికి తట్టింది. ఈ ఆలోచనను జాన్ వాన్ న్యూమన్‌తో పంచుకున్నాడు. పదార్థంలో న్యూట్రాన్ల ప్రయాణాన్ని లెక్కించడానికి వారు దీనిని అన్వయించారు. మొనాకోలోని జూదశాల ఉన్న ప్రాంతం పేరుమీద నికొలస్ మెట్రోపొలిస్ ఈ పద్ధతికి మాంటీ కార్లో అని పేరు పెట్టాడు. 1949లో మెట్రోపొలిస్, ఉలామ్ కలిసి ఈ పేరుతోనే పరిశోధన పత్రం ప్రచురించారు.

3.2 గింజలు చల్లే ఉదాహరణ

గచ్చుమీద ఒక చదరం గీసి, దాని ఒక మూల కేంద్రంగా, భుజమే వ్యాసార్ధంగా చదరం లోపల పావు వృత్తం గీయండి. చదరమంతటా ఎక్కడా ఎక్కువ తక్కువలు లేకుండా 1,000 గింజలు చల్లామనుకోండి. పావు వృత్తం వైశాల్యం చదరం వైశాల్యంలో సుమారు 0.785 వంతు. కనుక పావు వృత్తంలో సుమారు 785 గింజలు పడాలి. లెక్కపెట్టిన సంఖ్యను 1,000తో భాగించి 4తో గుణిస్తే వృత్త పరిధికి, వ్యాసానికి గల నిష్పత్తి, అంటే 3.14కు దగ్గరి విలువ వస్తుంది.

ప్రతిసారీ సరిగ్గా 785 రావు. ప్రామాణిక విచలనం ఇక్కడ సుమారు 13 గింజలు. కాబట్టి నిష్పత్తిలో దోషం సుమారు 0.05 ఉంటుంది. గింజల సంఖ్యను 100 రెట్లు పెంచి లక్ష చేస్తే, దోషం 10వ వంతుకు, అంటే 0.005కు తగ్గుతుంది. దోషం ఘటనల సంఖ్య వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందన్న ఈ నియమం మాంటీ కార్లో పద్ధతికి బలమూ, బలహీనత కూడా. ఎంత క్లిష్టమైన సమస్యకైనా ఇది వర్తిస్తుంది. కాని 10 రెట్ల ఖచ్చితత్వం కావాలంటే 100 రెట్ల లెక్క చేయవలసిందే.

3.3 మ్యూయాన్ క్షయం

ఇప్పుడు భౌతికశాస్త్ర ఉదాహరణ చూద్దాం. నిశ్చలంగా ఉన్న మ్యూయాన్ సగటు జీవితకాలం సుమారు 2.2 మైక్రోసెకన్లు. ఒక మ్యూయాన్ ఎప్పుడు క్షయమవుతుందో ఎవరూ చెప్పలేరు. కాని కంప్యూటర్ చేత 0, 1ల మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీయించి, కింది సూత్రంతో ఒక క్షయకాలాన్ని పొందవచ్చు.

క్షయకాలం = − (సగటు జీవితకాలం) × (యాదృచ్ఛిక సంఖ్య సహజ సంవర్గమానం)

యాదృచ్ఛిక సంఖ్య 0.90 అయితే క్షయకాలం 0.23 మైక్రోసెకన్లు.
యాదృచ్ఛిక సంఖ్య 0.50 అయితే క్షయకాలం 1.52 మైక్రోసెకన్లు.
యాదృచ్ఛిక సంఖ్య 0.10 అయితే క్షయకాలం 5.07 మైక్రోసెకన్లు.

ఇలా లక్ష మ్యూయాన్లకు చేసి సోపాన చిత్రం గీస్తే, మీకు తెలిసిన ఘాతీయ క్షయ వక్రమే వస్తుంది. ఒక్కొక్క మ్యూయాన్ కాలం యాదృచ్ఛికమే అయినా, గుంపు మొత్తం నియమాన్ని పాటిస్తుంది.

కంప్యూటర్ ఇచ్చే సంఖ్యలు నిజానికి ఒక సూత్రం ప్రకారం వచ్చేవే. అందుకే వాటిని మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలు అంటారు. ఒకే ఆరంభ సంఖ్యతో మొదలుపెడితే మళ్ళీ అదే వరుస వస్తుంది. ఇది ఒక సౌకర్యం. ఎక్కడైనా తప్పు దొర్లితే అదే ఘటనను తిరిగి సృష్టించి పరీక్షించవచ్చు.

ఇంట్లో చేసి చూడండి: ఒక లూడో పాచిక తీసుకోండి. 30 గింజలను 30 కణాలు అనుకోండి. ఒక్కొక్క గింజకు ఒకసారి పాచిక వేయండి. 1 పడితే ఆ కణం క్షయమైనట్లు, గింజను తీసివేయండి. మిగిలిన గింజలతో ఇదే మళ్ళీ చేయండి. నాలుగు విడతల తరువాత సగటున 14 లేక 15 గింజలు మిగలాలి. మీకు 12 మిగిలినా, 17 మిగిలినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఎందుకో 3.2 విభాగం ఆధారంగా ఆలోచించండి.

4. ఘటన జనకాలు

ఒక అభిఘాతాన్ని, దాని నుంచి వెలువడిన కణాలన్నింటినీ కలిపి ఒక 'ఘటన' అంటారు. ఘటనలను కంప్యూటర్‌లో పుట్టించే ప్రోగ్రాములు ఘటన జనకాలు. వీటిలో ఎక్కువగా వాడేవి పిథియా, హెర్విగ్, షెర్పా. పిథియా స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ సిద్ధాంత బృందం కృషి నుంచి వచ్చింది. దాని తొలి రూపమైన జెట్‌సెట్ ప్రోగ్రాం పని 1978లో మొదలైంది. ప్రాచీన గ్రీసులో డెల్ఫీ ఆలయంలో భవిష్యత్తు చెప్పే పూజారిణిని పిథియా అనేవారు. పేరు అక్కడిది.

ఘటన జనకం పనిని ఈ దశలుగా అర్థం చేసుకోవచ్చు.

(అ) మూల చర్య: ఒక ప్రోటాన్‌లోని క్వార్కు లేక గ్లూవాన్, ఎదుటి ప్రోటాన్‌లోని మరొక దానితో బలంగా ఢీకొంటుంది. అవి ప్రోటాన్ ద్రవ్యవేగంలో ఎంత వాటా మోస్తున్నాయో చెప్పే పట్టికలు వేరే ప్రయోగాల నుంచి లభిస్తాయి. చర్య సంభావ్యతను ఫైన్‌మన్ చిత్రాల ఆధారంగా లెక్కిస్తారు. మొత్తం ప్రక్రియలో సిద్ధాంతం మీద మనకు ఎక్కువ పట్టు ఉన్న భాగం ఇదే.

(ఆ) పార్టాన్ జల్లు: త్వరణం పొందిన ఎలక్ట్రాన్ ఫోటాన్లను వెలువరించినట్లే, క్వార్కులు గ్లూవాన్లను వెలువరిస్తాయి. ఆ గ్లూవాన్లు మళ్ళీ చీలుతాయి. ప్రతి చీలికకూ ఒక యాదృచ్ఛిక సంఖ్య తీస్తూ, ప్రోగ్రాం ఈ కొమ్మలను ఒక్కొక్కటిగా పెంచుతుంది.

(ఇ) హాడ్రాన్లు ఏర్పడడం: క్వార్కులు విడిగా కనిపించవు. లుండ్ నమూనా ప్రకారం, దూరమవుతున్న క్వార్కు, ప్రతిక్వార్కుల మధ్య బలక్షేత్రం సన్నని తీగలాగా సాగుతుంది. ఒక ఫెమ్టోమీటరు సాగడానికి సుమారు ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టు శక్తి కావాలి. మనకు తెలిసిన కొలతల్లో చెప్పాలంటే ఇది సుమారు 16 టన్నుల బరువుకు సమానమైన లాగుడు. శక్తి చాలినంత చేరగానే తీగ తెగి, తెగినచోట కొత్త క్వార్కు, ప్రతిక్వార్కుల జంట పుడుతుంది. ఇలా తెగుతూ పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్ల వంటి హాడ్రాన్లు ఏర్పడతాయి. ఒకే దిశలో పోయే ఇటువంటి కణాల గుంపును జెట్ అంటారు.

(ఈ) మిగిలిన సందడి: మూల చర్యలో పాల్గొనని ప్రోటాన్ శకలాలు కూడా కణాలను పుట్టిస్తాయి. పైగా ఒకే క్షణంలో వేరే ప్రోటాన్ల జంటలు కూడా ఢీకొంటాయి. వీటినీ కలపాలి.

(ఉ) క్షయాలు: తక్కువ కాలం బతికే కణాలను, 3.3లో చూసిన పద్ధతిలోనే, వాటి సగటు జీవితకాలాల ప్రకారం క్షయింపజేయాలి.

మూడవ, నాలుగవ దశలను గమనించండి. వాటిని మూల సూత్రాల నుంచి పూర్తిగా లెక్కించలేం. అందుకే నమూనాలలో కొన్ని స్థిరాంకాలను దత్తాంశానికి సరిపోయేటట్లు సర్దుతారు. దీనిని శ్రుతి చేయడం అనవచ్చు. పిథియాకు ఇటువంటి శ్రుతి కోసం, 1989 నుంచి 2000 వరకు అదే సొరంగంలో జరిగిన ఎలక్ట్రాన్, పాజిట్రాన్ల అభిఘాతాల దత్తాంశం ఎంతో ఉపయోగపడింది. హెర్విగ్ ఈ దశలో తీగ నమూనాకు బదులు గుచ్ఛ నమూనాను వాడుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో 8వ విభాగంలో చూస్తాం.

5. శోధకం అనుకరణ

ఘటన జనకం ఇచ్చేది కణాల జాబితా. శోధకం ఇచ్చేది విద్యుత్ సంకేతాలు. ఈ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చే సాఫ్ట్‌వేర్‌లలో ప్రధానమైనది జియాంట్-4. జియాంట్ తొలి రూపం 1974లో సెర్న్‌లో వచ్చింది. సి ప్లస్ ప్లస్ భాషలో కొత్తగా రాసిన జియాంట్-4 మొదటిసారి 1998 డిసెంబరులో విడుదలయింది.

ముందుగా శోధకంలోని ప్రతి భాగం ఆకారం, స్థానం, పదార్థం ప్రోగ్రాంకు చెప్పాలి. తరువాత ఒక్కొక్క కణాన్ని చిన్న చిన్న అంగలుగా నడిపిస్తుంది. ఒక ఫోటాన్ స్ఫటికంలో ప్రవేశించిందనుకోండి. అది ఎలక్ట్రాన్, పాజిట్రాన్ల జంటగా మారవచ్చు, కాంప్టన్ పరిక్షేపణం చెందవచ్చు, లేదా కాంతివిద్యుత్ ఫలితంలో శోషణం కావచ్చు. ఒక్కొక్క చర్యకు ఆ పదార్థంలో ఒక సగటు స్వేచ్ఛాపథం ఉంటుంది. ప్రతి చర్యకూ ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసి, అది ఎంత దూరంలో జరగవచ్చో ప్రోగ్రాం లెక్కిస్తుంది. వచ్చిన దూరాలలో అతి తక్కువది ఏ చర్యదో, ఆ చర్యే జరిగినట్లు తీసుకుంటుంది. అంతకన్న ముందే వేరే పదార్థపు సరిహద్దు వస్తే, అక్కడ ఆగి మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. కొత్తగా పుట్టిన కణాలు వరుసలో చేరతాయి. వరుస ఖాళీ అయ్యేవరకు ఈ పని సాగుతుంది. ఎలక్ట్రాన్ వంటి ఆవేశ కణమైతే దారిలో అయనీకరణం వల్ల కోల్పోయే శక్తిని, అయస్కాంత క్షేత్రంలో వంగే పథాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

అధిక శక్తి ఫోటాన్ ఒక్కటే స్ఫటికాలలో వేల కణాల జల్లుగా మారుతుంది కనుక, కెలోరిమీటర్ల అనుకరణకు ఎక్కువ కాలం పడుతుంది. ఎల్.హెచ్.సి.లో ఒక్క ఘటన పూర్తి అనుకరణకు నిమిషాలు పట్టవచ్చు.

చివరగా, జమ అయిన శక్తిని శోధకం ఇచ్చే సంకేతాల రూపంలోకి మారుస్తారు. ఆ తరువాత నిజమైన దత్తాంశాన్ని విశ్లేషించే ప్రోగ్రాముల చేతనే దీనినీ విశ్లేషింపజేస్తారు. ఒకే ఒక తేడా ఉంటుంది. అనుకరించిన ఘటనలో ఏ కణం ఎక్కడ పుట్టిందో మనకు ముందే తెలుసు. నిజమైన ఘటనలో అది తెలియదు.

6. అనుకరణతో దక్షతను లెక్కించడం

పుట్టిన ప్రతి కణమూ మనకు చిక్కదు. కొన్ని కణాలు ప్రోటాన్ పుంజం వెళ్ళే గొట్టం వెంట జారిపోతాయి. కొన్ని సందులలో పడతాయి. కొన్నింటి శక్తి మనం పెట్టిన హద్దుకంటే తక్కువగా ఉంటుంది. పుట్టిన వాటిలో చిక్కిన వాటి భాగమే దక్షత.

ఉదాహరణ (సంఖ్యలు లెక్క కోసం ఊహించినవి): ఒక కణం క్షయమయ్యే 1,00,000 ఘటనలను అనుకరించాం. వాటిలో 30,000 అన్ని పరీక్షలూ దాటాయి. అప్పుడు దక్షత 0.30. నిజమైన దత్తాంశంలో అవే పరీక్షలు దాటిన ఘటనలు 12 అనుకుందాం. ఇతర చర్యల నుంచి, అంటే నేపథ్యం నుంచి, సగటున 4 రావాలని అంచనా. అప్పుడు సంకేతం 12 − 4 = 8. నిజంగా జరిగి ఉండవలసిన ఘటనలు 8 ÷ 0.30, అంటే సుమారు 27.

ఈ లెక్కలో 12 మాత్రమే ప్రకృతి నేరుగా ఇచ్చిన సంఖ్య. 0.30 అనుకరణ నుంచి వచ్చింది. 4 అనే అంచనాలో కూడా సాధారణంగా అనుకరణ పాత్ర ఉంటుంది. అనుకరణ తప్పయితే 27 అనే ఫలితం కూడా తప్పవుతుంది.

హిగ్స్ అన్వేషణలో ఈ లెక్క ఎంత సున్నితమో చూడండి. ఎల్.హెచ్.సి.లో సుమారు 100 కోట్ల అభిఘాతాలకు ఒక హిగ్స్ పుడుతుంది. వెయ్యి హిగ్స్ బోసాన్లలో రెండు మాత్రమే, కాస్త అటూఇటుగా, రెండు ఫోటాన్లుగా క్షయమవుతాయి. అంటే సుమారు 44 వేల కోట్ల అభిఘాతాలకు అటువంటి ఘటన ఒకటి. రెండు ఫోటాన్ల శక్తులు, వాటి మధ్య కోణం తెలిస్తే, అవి ఒకే కణం నుంచి వచ్చాయనుకొని ఆ కణం ద్రవ్యరాశిని లెక్కించవచ్చు. దీనిని అచర ద్రవ్యరాశి అంటారు. సోపాన చిత్రంలో 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చిన్న గుట్ట కనిపించింది. గుట్ట ఎంత వెడల్పుగా ఉండాలో అనుకరణ చెప్పింది. గుట్ట కింద ఉన్న నేపథ్యాన్ని మాత్రం అనుకరణ నుంచి తీసుకోలేదు. గుట్టకు రెండు వైపులా ఉన్న దత్తాంశం మీదుగా ఒక నున్నని వక్రం గీసి అంచనా వేశారు. అనుకరణను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలియడం కూడా విశ్లేషణలో భాగమే.

7. అనుకరణ తప్పినప్పుడు: ఒక నిజమైన ఉదాహరణ

అమెరికాలో షికాగో నగరం దగ్గర ఫెర్మీ జాతీయ ప్రయోగశాల ఉన్నది. అక్కడి టెవట్రాన్ యంత్రంలో 2011 సెప్టెంబరు వరకు ప్రోటాన్లు, ప్రతిప్రోటాన్లు ఢీకొనేవి. వాటిని సి.డి.ఎఫ్., డీ-జీరో అనే రెండు బృందాలు వేరువేరు శోధకాలతో పరిశీలించేవి.

2011 ఏప్రిల్‌లో సి.డి.ఎఫ్. బృందం ఒక విశేషాన్ని ప్రకటించింది. డబ్ల్యు బోసాన్‌తో పాటు రెండు జెట్లు పుట్టిన ఘటనలను తీసుకొని, జెట్ల జంట అచర ద్రవ్యరాశికి సోపాన చిత్రం గీశారు. అందులోంచి అనుకరణ చెప్పిన నేపథ్యాన్ని తీసివేశారు. 145 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల పరిసరాలలో ఒక గుట్ట మిగిలింది. దాని ప్రాధాన్యం 3.2 ప్రామాణిక విచలనాలు. అంటే అది కేవలం యాదృచ్ఛికంగా రావడానికి అవకాశం వెయ్యిలో ఒకటికన్న తక్కువ. మరింత దత్తాంశం చేర్చితే అది 4.1కి పెరిగింది. ఇది కొత్త కణమేమో అని ఎన్నో వ్యాసాలు వెలువడ్డాయి.

అదే ఏడాది జూన్‌లో డీ-జీరో బృందం తమ దత్తాంశంలో అటువంటి గుట్ట లేదని ప్రకటించింది. ఒకే యంత్రం, ఒకే రకమైన అభిఘాతాలు. రెండు ఫలితాలూ ఒకేసారి సరైనవి కావడం కష్టం.

సి.డి.ఎఫ్. బృందం తన విశ్లేషణను తానే విప్పి చూసుకుంది. 2014లో పూర్తి దత్తాంశంతో ప్రచురించిన పత్రంలో కారణాలు తెలిపింది. ముఖ్యమైనది జెట్ల శక్తికి సంబంధించినది. క్వార్కు నుంచి వచ్చిన జెట్‌కు, గ్లూవాన్ నుంచి వచ్చిన జెట్‌కు శోధకం ఒకే రీతిలో స్పందించదు. గ్లూవాన్ జెట్‌లో కణాలు ఎక్కువ, ఒక్కొక్కదాని శక్తి తక్కువ. అనుకరణ ఈ తేడాను సరిగా చూపలేదు. రెండు రకాల జెట్లకు వేరువేరుగా సవరణలు చేసి, పరికరం వల్ల వచ్చే నేపథ్యాన్ని కూడా మెరుగుగా లెక్కిస్తే గుట్ట మాయమైంది.

చిన్న సవరణ పెద్ద గుట్టను ఎలా మింగింది? నేపథ్యపు సోపాన చిత్రం ఆ ప్రాంతంలో ఏటవాలుగా దిగుతుంది. అటువంటి వాలును కొద్దిగా పక్కకు జరిపి ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే, తేడా గుట్టలాగా కనిపిస్తుంది. ఎత్తయిన రెండు గోడల మధ్య తేడాను కొలిచేటప్పుడు, గోడలో ఒక శాతం తప్పు తేడాలో చాలా శాతం తప్పు అవుతుంది.

ఈ ఉదాహరణ నుంచి మీరు నేర్చుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. దత్తాంశం పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది. క్రమదోషం తగ్గదు. పైగా, గుర్తించని క్రమదోషం ఉంటే, దత్తాంశం పెరిగేకొద్దీ తప్పు ఫలితమే మరింత నమ్మదగినదిగా కనిపిస్తుంది. 3.2 అనే అంకె 4.1 కావడం వెనుక ఉన్నది ఇదే. కణ భౌతికశాస్త్రంలో ఆవిష్కరణ అనడానికి 5 ప్రామాణిక విచలనాలు కావాలంటారు. అంటే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం సుమారు 35 లక్షలలో ఒకటి. కాని ఆ హద్దు కూడా మనం ఊహించి లెక్కలో చేర్చిన దోషాల నుంచే రక్షణ ఇస్తుంది. ఊహించని దోషం నుంచి కాదు.

8. అనుకరణను ఎలా పరీక్షిస్తారు?

అందువల్ల అనుకరణను వాడేముందు, వాడుతున్నప్పుడు కింది జాగ్రత్తలు తీసుకుంటారు.

(1) తెలిసిన కణంతో సరిచూడడం: జడ్ బోసాన్ ద్రవ్యరాశి 91.19 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని చాలా ఖచ్చితంగా తెలుసు. దత్తాంశంలోనూ, అనుకరణలోనూ దాని గుట్ట అక్కడే, అదే వెడల్పుతో రావాలి. రాకపోతే సవరించాలి.

(2) శోధక భాగాలను విడిగా పరీక్షించడం: శక్తి ముందే తెలిసిన ఎలక్ట్రాన్లనో, పయాన్లనో ఒక భాగం మీదకు పంపి, స్పందనను జియాంట్-4 అంచనాతో పోలుస్తారు.

(3) రెండు నమూనాలను పోల్చడం: పిథియా తీగ నమూనాతోను, హెర్విగ్ గుచ్ఛ నమూనాతోను ఒకే లెక్క చేస్తారు. జవాబులలో తేడాను క్రమదోషానికి ఒక అంచనాగా తీసుకుంటారు. రెండూ ఏకీభవించినంత మాత్రాన రెండూ సరైనవని అర్థం కాదు. రెండింటిలో ఒకే లోపం ఉండవచ్చు.

(4) నియంత్రణ ప్రాంతాలు: కొత్త కణం ఉండటానికి అవకాశం లేని ఘటనలను ఎంచి, అక్కడ అనుకరణ దత్తాంశంతో సరిపోతుందో లేదో చూస్తారు.

(5) కళ్ళు మూసుకొని విశ్లేషించడం: సంకేతం రావలసిన ప్రాంతాన్ని చూడకుండానే పరీక్షలన్నీ ఖరారు చేస్తారు. 2012 దత్తాంశంలో హిగ్స్ కోసం వెదికినప్పుడు సి.ఎం.ఎస్. బృందం ఇలాగే చేసింది. చూసిన తరువాత పరీక్షలను మార్చితే, మనకు కావలసిన జవాబు వైపు తెలియకుండానే జరిగే ప్రమాదం ఉన్నది.

(6) రెండవ ప్రయోగం: అట్లాస్, సి.ఎం.ఎస్. శోధకాల నిర్మాణం వేరు, బృందాలు వేరు. టెవట్రాన్‌లో గుట్టను మొదట ప్రశ్నించింది కూడా రెండవ ప్రయోగమే.

వీటన్నింటి వెనుక ఒకే సూత్రం ఉన్నది. ఏ దత్తాంశంతో అనుకరణను శ్రుతి చేశామో, అదే దత్తాంశంతో దానిని పరీక్షించామని చెప్పకూడదు. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కుల వంటిదే అది.

9. ఇతర ఉపయోగాలు

కట్టబోయే శోధకంలో ఏ పొర ఎంత మందంగా ఉండాలో అనుకరణతోనే నిర్ణయిస్తారు. జియాంట్-4ను ప్రయోగశాలల వెలుపల కూడా వాడుతున్నారు. క్యాన్సర్ చికిత్సలో వికిరణం కణితికి ఎంత, పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలానికి ఎంత చేరుతుందో అంచనా వేయడానికి, అంతరిక్షంలో ఉపగ్రహ పరికరాలపై వికిరణ ప్రభావాన్ని లెక్కించడానికి ఇది ఉపయోగపడుతుంది.

భారతదేశం 2017లో సెర్న్ సంస్థలో సహ సభ్య దేశమయింది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వంటి సంస్థలు సి.ఎం.ఎస్. ప్రయోగంలో పాల్గొంటున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ బృందం అమెరికాలోని నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వామి. న్యూట్రినో ప్రయోగాలలో కూడా శోధకం స్పందనను ఇటువంటి అనుకరణతోనే అంచనా వేస్తారు. పిథియా, జియాంట్-4 రెండూ ఉచితంగా లభిస్తాయి. ప్రోగ్రాం రాయడం కొద్దిగా వచ్చిన విద్యార్థి పిథియాను మామూలు కంప్యూటర్‌లో నడిపించి చూడవచ్చు.

10. సారాంశం

ప్రోటాన్ల అభిఘాతాలు సంభావ్యతలకు లోబడినవి, చాలా చిక్కైనవి. వాటిని యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో అనుకరించడమే మాంటీ కార్లో పద్ధతి. ఘటన జనకం మూల చర్య నుంచి హాడ్రాన్ల వరకు కణాలను పుట్టిస్తుంది. జియాంట్-4 వాటిని శోధకంలో అంగలంగలుగా నడిపిస్తుంది. దీని నుంచి దక్షతను, కొంతవరకు నేపథ్యాన్ని పొందుతాం. అనుకరణలో గుర్తించని దోషం కొత్త కణంలాగా కనిపించగలదని సి.డి.ఎఫ్. ఉదాహరణ చూపింది. అనుకరణ మీద నమ్మకం ప్రోగ్రాం నుంచి రాదు. దానిని స్వతంత్ర దత్తాంశంతో పదేపదే పరీక్షించడం నుంచి వస్తుంది.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యాదృచ్ఛిక సంఖ్య 0.25 అయితే మ్యూయాన్ క్షయకాలం ఎంత? (జవాబు: సుమారు 3.05 మైక్రోసెకన్లు)
2. మాంటీ కార్లో లెక్కలో దోషాన్ని మూడవ వంతుకు తగ్గించాలంటే ఘటనలను ఎన్ని రెట్లు చేయాలి? (జవాబు: 9 రెట్లు)
3. 50,000 ఘటనలను అనుకరిస్తే 20,000 పరీక్షలు దాటాయి. దత్తాంశంలో 30 ఘటనలు, నేపథ్యం అంచనా 10 అయితే, నిజంగా జరిగిన ఘటనలు ఎన్ని? (జవాబు: 50)
4. పై ప్రశ్నలో నేపథ్యం అంచనా 10 కాక 14 అయితే జవాబు ఎంత శాతం తగ్గుతుంది? దీనిని 7వ విభాగంతో అన్వయించండి. (జవాబు: 20 శాతం)

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఘటన జనకంలోని దశలను వరుసగా వివరించండి.
2. జియాంట్-4 ఒక ఫోటాన్‌ను పదార్థంలో ఎలా నడిపిస్తుందో రాయండి.
3. "దత్తాంశం పెంచితే అన్ని దోషాలూ తగ్గుతాయి." ఈ వాక్యాన్ని సి.డి.ఎఫ్. ఉదాహరణతో విమర్శించండి.